నీళ్ళు నిలిచిన మలుపు

ఆమె వేసిన నేల మీద నీటిబొట్టు నిలవదు. మా పనివాళ్ళలో ఈ మాట అనని మనిషి లేడు. స్నానాలగది గానీ, గిన్నెలు తోమే జాగా గానీ, ఆమె తాపీ తిప్పి వదిలిందంటే చెంబుడు నీళ్ళు ఏ మూల ఒంపినా ఎవరో దారి చూపించినట్టు నేరుగా తూము దగ్గరికి పోతాయి. నీళ్ళు పోవడానికి నేలకిచ్చే ఆ కొద్దిపాటి వాలుని మేము వాటం అంటాం. అందుకే ఆమె అందరికీ వాటం అత్త. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు "చేతివాటం అత్తా?" అని నవ్వబోతారు. "నా చేతివాటానికి పోయేది నీళ్ళేరా, నీ జేబు కాదు" అంటుంది. రెండోసారి ఎవరూ నవ్వరు.

తాపీ పట్టడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. మా పనిలో ఆడవాళ్ళు తట్ట మొయ్యాలి, మాలు కలపాలి, ఇటుకలు అందించాలి. తాపీ మగవాడి చేతిలోనే ఉంటుంది. ఆమె భర్త మేస్త్రి. అతనికి గోడలంటే ఇష్టం, పదిమందికీ కనబడతాయి కాబట్టి. ఇరుకు గదిలో గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ నేల వెయ్యడమంటే నామోషీ. "ఆ కాస్తా నువ్వు లాగెయ్" అని చెప్పి టీ తాగడానికి పోయేవాడు. ఆ కాస్తా లాగెయ్యడంలోనే ఆమె మేస్త్రి అయింది. తరవాత అతని నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్నప్పుడు, ఇల్లు ఆమె తాపీ మీదే నిలబడింది.

నేను వెల్డింగు పనివాణ్ణి. ఆమె నన్ను తమ్ముడూ అంటుంది, నేను అక్కా అంటాను. మా ఇద్దరినీ ఒకచోట చేర్చింది పంతులమ్మ.

పంతులమ్మ సర్కారు బళ్ళలో చదువు చెప్పి రిటైరైన మనిషి. సైకిల్ షాపు పక్కన రెండు గదులు అద్దెకి తీసుకుని చిన్న సంస్థ నడుపుతోంది. వాళ్ళు చేసే పని చెప్పడానికి చిన్నది. బడికి వెళ్ళి, ఏ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తారు. ఒకడికి నల్లబల్ల మీది అక్షరం కనబడదు, ఒకతికి కుళాయి అందదు, ఒకడికి ఇంట్లో చెప్పేవాళ్ళు లేక లెక్కలు వెనకబడతాయి. ఎక్కడ ఆగితే అక్కడి అడ్డం తీసేస్తారు. ఆ పిల్లల్ని తీసుకెళ్ళి వేరే చోట పెట్టరు. మెట్లు అడ్డమైన చోట ర్యాంపు కట్టేది అక్క. దానికి రెయిలింగు పెట్టేది నేను.

సంస్థకి ఒక నియమం ఉంది. ఏ పిల్లకోసం పని చేశామో ఆ పిల్ల ఎవరి సాయమూ లేకుండా ఒకసారి వాడి చూపిస్తేనే పని అయినట్టు. "తోడుండేవాళ్ళు వేరు, తోసేవాళ్ళు వేరు" అంటుంది పంతులమ్మ.

ఆ ఏడు మేము ర్యాంపు కట్టింది బుల్లెట్టు కోసం.

బుల్లెట్టు అంటే పిల్ల. చిన్నప్పుడే జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలో తిరుగుతుంది, దాన్ని బండి అంటుంది. వీధిలో కుక్కలు కూడా దానికి దారిస్తాయి, అంత జోరు. తల్లి కుట్టుపని చేస్తుంది. ఇంటి పక్క చిన్నబడిలో అయిదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి పెద్దబడికి రావాలి. పెద్దబడి వరండా మనిషి నడుమెత్తు పునాది మీద ఉంటుంది, ముందు నిటారుగా మెట్లు.

మొదటిసారి అడగడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. హెడ్మాస్టారు చెడ్డమనిషేం కాదు. వెనక ఎప్పుడో ఒక పిల్లవాడు ఆ మెట్ల మీంచే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయనకి మెట్లంటే గుండెదడ.

"పిల్ల చురుకైందమ్మా, కాదనను. రోజూ ఎక్కించేదెవరు, దించేదెవరు?" అన్నాడు.

"నేనొచ్చి ఎత్తుకెళ్తాను సార్" అంది తల్లి.

"నేనేమన్నా బస్తానా?" అంది బుల్లెట్టు.

హెడ్మాస్టారు నవ్వు ఆపుకున్నాడు గానీ మాట మార్చలేదు. ర్యాంపు కట్టుకోండి, సర్కారు ఇంజినీరు వచ్చి చూసి సరేనన్నాక, పిల్ల తనంతట తను పైకి రావాలి, అప్పుడు నా చేత్తో నేనే పేరు రాస్తాను అన్నాడు. బడిలో చేరికలు ముగిసేలోగా కాకపోతే, ఇలాంటి పిల్లల కోసం వేరే హాస్టలు బడి ఉంది, అక్కడికి రాసిస్తానన్నాడు. ఆ బడి పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక చేరేంత దూరంలో ఉంది. బుల్లెట్టు తల్లి ముఖం అప్పుడు చూడాలి. పిల్ల ముఖం చూడలేకపోయాం, అది బండి వెనక్కి తిప్పేసింది.

ర్యాంపు కట్టేశాం గానీ, ఇంజినీరు రావడానికి వీలుపడింది చేరికల ఆఖరి రోజునే.

ఆ పొద్దున అందరికంటే ముందు వచ్చింది అక్కే. ర్యాంపు గోడ వారగా కొంత ఎక్కి, మూల దగ్గర మలుపు తిరిగి, మళ్ళీ ఎక్కి వరండాని చేరుతుంది. మలుపు దగ్గర చిన్న గదంత చదును జాగా. బండి తిప్పుకోవడానికీ, చేతులు నొప్పెడితే కాసేపు ఆగడానికీ. అక్క చీపురుతో మొత్తం ఊడ్చింది. నేను రెయిలింగు బోల్టులు మరోసారి బిగిస్తున్నాను. బుల్లెట్టు వచ్చింది, తల్లి వచ్చింది, పంతులమ్మ వచ్చింది.

"ఇంజినీరు గారొచ్చేలోగా ఒకసారి ఎక్కి చూపించవే" అంది పంతులమ్మ.

పిల్ల ఎక్కింది. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తోసుకుంటూ వరండా మీదికి వెళ్ళిపోయింది. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అక్క మాత్రం చీపురు పట్టుకుని మలుపు వైపే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటక్కా?"

"పిల్ల చేతులు చూశావా?"

"ఏమైంది చేతులకి?"

"తోసే చెయ్యి వేరు తమ్ముడూ, పట్టుకునే చెయ్యి వేరు. అక్కడ ఆగినప్పుడు దాని బొటనవేళ్ళు తెల్లబడ్డాయి."

నాకేం అర్థం కాలేదు. ఆమె వెళ్ళి బకెట్లోంచి చెంబుడు నీళ్ళు తెచ్చి మలుపులో గోడ వారగా ఒంపింది. నీళ్ళు ఒక్క చుక్క కూడా ఆగకుండా జాగా అంతా దాటి బయటి అంచు మీంచి కిందికి జారిపోయాయి. చక్కగా, ఎప్పటిలాగే. నేనైతే మెచ్చుకునేవాణ్ణి. అక్క ముఖంలో నెత్తురు లేదు.

ఆ జాగా చదునుగా ఉండాలి. వాలు మీద తోసుకుంటూ వచ్చిన పిల్ల చేతులు వదిలి ఊపిరి పీల్చుకోవడానికే అది ఉన్నది. అక్క చదునే వేద్దామనుకుంది, చదునే వేశాననుకుంది. కానీ ఇన్నేళ్ళూ నేలలు లాగిన చెయ్యి, తాపీ పట్టగానే నీళ్ళకి దారి వెతుక్కుంది. నీళ్ళకి అడ్డమని మలుపు బయటి అంచున చిన్న గట్టు కూడా పెట్టలేదు. నా రెయిలింగు కింది కమ్మీ మోకాలెత్తున ఉంది. ఆ కింద నుంచి నీళ్ళు పోతాయి. నీళ్ళు పోయే చోట కుర్చీ ముందరి బుల్లి చక్రాలు కూడా పోతాయి.

అక్క పంతులమ్మని పక్కకి పిలిచి చెప్పింది. పంతులమ్మ నుదురు పట్టుకుంది. మెల్లగా, "రేపు సరిచేద్దాం. ఇవాళ మాత్రం ఊరుకో. సీటు పోతే పిల్లని ఎక్కడికి పంపిస్తారో తెలుసుగా" అంది.

"పిల్ల వాడి చూపిస్తేనే పని అయినట్టని మీరేగా అమ్మా అన్నది."

"వాడింది కదా, నా కళ్ళతో చూశాను!"

"భయపడుతూ వాడింది."

పంతులమ్మ ఏదో అనబోయింది. ఇంతలో గేటు దగ్గర బండి ఆగిన చప్పుడు. ఇంజినీరు దిగాడు, ఆయన వెంట హెడ్మాస్టారు.

ఇంజినీరు పని తెలిసినవాడే. సంచీలోంచి రసమట్టం తీశాడు. గాజు గొట్టంలో బుడగ ఎటు జరిగితే అటు ఎత్తు. రెండు వాలుల మీదా పెట్టి చూసి తల ఊపాడు. "మెత్తగా ఇచ్చారు. బాగుంది" అన్నాడు. మలుపులో పెట్టాడు. బుడగ పక్కకి పోయింది. "నీళ్ళకిచ్చారా? కొంచెం ఎక్కువే. సరేలెండి, నిలవుంటే నాచు పడుతుంది" అని జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆగండి సార్" అంది అక్క.

అందరూ తిరిగారు. వరండా మీంచి బుల్లెట్టు కూడా చూసింది. దాని చూపులోనే నాకు అర్థమైంది, దానికి పొద్దుటినుంచీ తెలుసు.

"పాపా, కిందికి దిగి మళ్ళీ రా. మలుపు దగ్గర ఆగి చేతులు వదులు" అంది అక్క.

"ఎందుకు?"

"వదిలి చూపించవే."

"వదలను."

"ఏం?"

"నాకు మధ్యలో ఆగాల్సిన పని లేదు. ఒక్క ఊపులో పోతాను. బుల్లెట్టు మధ్యలో ఆగుతుందా ఎక్కడన్నా?"

హెడ్మాస్టారు నవ్వాడు, ఇంజినీరూ నవ్వాడు. తల్లి గబగబా అక్క దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "వదినా, నీకు దణ్ణం పెడతాను. అది బాగానే ఉందంటోందిగా. ఆయన సంతకం పెట్టి వెళ్ళాక నువ్వు ఏం చేస్తావో చేసుకో."

"వానలో చేతులు తడిసి జారితే ఏం చేస్తావు వదినా? వెనక నుంచి పరిగెత్తుకొచ్చే పిల్లలు గుద్దితే?"

"అంతా నువ్వే కట్టి, ఇప్పుడు నువ్వే..." అని తల్లి పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

బుల్లెట్టు అప్పటికే విసురుగా కిందికి దిగింది. తిరిగి ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఎందుకైనా మంచిదని రెయిలింగు బయట, మలుపు కింద వెళ్ళి నిలబడ్డాను. పిల్ల మలుపులోకి వచ్చింది, ఆగింది. అక్క వైపు కోపంగా చూసి, "ఇదుగో, ఏం కాదు. చూడు!" అని రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది.

కుర్చీ ముందు కదల్లేదు. తరవాత బుల్లి చక్రాలు బద్ధకంగా పక్కకి తిరిగాయి. వాటికి దారి దొరికింది. ఎవరూ తొయ్యకుండానే కుర్చీ అంచు వైపు నడిచింది, మొదట మెల్లగా, తరవాత తొందరగా. పిల్ల చేతులు కిందికి దింపేలోగా ఒక బుల్లి చక్రం రెయిలింగు కిందుగా అంచు దాటి గాల్లోకి వచ్చేసింది. కుర్చీ ముందుకి ఒరిగింది. పిల్ల నుదురు పై కమ్మీకి తగిలింది. నేను కింద నుంచి చక్రం ఎత్తి పట్టుకున్నాను. అక్క వెనక నుంచి కుర్చీని లాగింది.

దెబ్బ పెద్దది కాదు, బొప్పి కట్టింది అంతే. కానీ హెడ్మాస్టారు మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఇంజినీరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

"దీనికి నేను సరే అనలేను. నేను కూడా చూడాల్సింది" అన్నాడు అక్కతో.

"తప్పు నాది సార్. సాయంత్రం దాకా టైమివ్వండి."

"సాయంత్రానికి కొత్త కాంక్రీటు ఏం గట్టిపడుతుందమ్మా?"

"కొత్తది పొయ్యను. ఉన్నదాన్నే దించుతాను."

ఆయన కాసేపు ఆ జాగా వైపు చూశాడు. "ఊరి చివరి బళ్ళో పని ఉంది నాకు. ఆఫీసు మూసేలోగా ఇటే వస్తాను. అప్పటికి కుర్చీ దానంతట అది నిలబడితే సంతకం పెడతాను. చువ్వ బయటపడితే మాత్రం పెట్టను" అని వెళ్ళిపోయాడు.

బుల్లెట్టు ఏడవలేదు. తల్లి నుదుటికి తడిగుడ్డ పెట్టబోతే తోసేసింది. అక్క దగ్గరికి బండి తోలుకుంటూ వచ్చి, "నీ నోరు నీ దగ్గర పెట్టుకునుంటే ఈపాటికి నా పేరు రాసేసేవాళ్ళు" అంది.

"అవును" అంది అక్క. ఉలి, సుత్తి తీసుకుంది.

ఎత్తుగా ఉన్నది గోడ వైపు, పల్లంగా ఉన్నది అంచు వైపు. గోడ వైపు చెక్కుతూ అంచుతో సమానం చెయ్యాలి. చెక్కింది గరుకుగా ఉంటుంది కాబట్టి గ్రైండరు పెట్టి నున్నగా అరగదియ్యాలి. ఆ పక్కనే వాలుల చివర్లు మెట్టులా మిగిలిపోకుండా వాటినీ అరగదీసి కలపాలి. అంచున నేను రెయిలింగు కిందుగా ఒక ఇనపపట్టీ అతకాలి, చక్రం దాటకుండా, కింద నీళ్ళకి వేలు పట్టేంత సందు వదిలి. ఇదంతా చెయ్యొచ్చు. భయమల్లా చువ్వల గురించి. కాంక్రీటు కడుపులో ఇనపచువ్వల అల్లిక ఉంటుంది. అది ఎంత లోతున ఉందో వేసిన అక్కకి తెలుసు. కానీ పోసేటప్పుడు ఎవరి కాలు పడి ఏ చువ్వ ఎక్కడ పైకి లేచిందో ఎవరికి తెలుస్తుంది? చువ్వ గాలికి బయటపడితే తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది.

అక్క ఉలి దెబ్బ వేసి, చెవి ఒగ్గి విని, మళ్ళీ వేసేది. రాయి మోత ఒక రకం, ఇనుము దగ్గరపడితే మోత ఇంకో రకం. నేను వెనకాలే గ్రైండరుతో వచ్చేవాణ్ణి. కాసేపటికి పట్టీ అతకడానికి వెల్డింగు మిషను కూడా పెట్టాను. రెండూ ఒకేసారి తిరిగేసరికి ఠప్పుమని బడి మొత్తం కరెంటు పోయింది. తరగతుల్లోంచి పిల్లల కేకలు.

హెడ్మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశారయ్యా? ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి!"

"ఫ్యూజు పోయింది సార్. మీ లైను రెండింటినీ లాగలేదు."

ఆయన తిడతాడనుకున్నాను. దుమ్ము కొట్టుకుపోయి గుర్తుపట్టలేకుండా ఉన్న అక్క వైపు చూశాడు. గేటు పక్క నీడలో ముఖం తిప్పుకుని కూర్చున్న పిల్ల వైపు చూశాడు. "ఫ్యూజు వేయిస్తాను. ఒకటయ్యాక ఒకటి పెట్టుకోండి. ఫ్యాన్లు వెయ్యను, పిల్లల్ని వరండాలో కూర్చోబెడతాను" అన్నాడు. తరవాత ఆయనే బకెట్టు మోసుకొచ్చి దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లాడు. ఒంటి మీది తెల్లచొక్కా సిమెంటు గోడలా అయిపోయింది.

ఒక్కో మిషను ఆపి ఇంకోటి పెట్టుకోవడంతో పని నడక సగానికి తగ్గింది. మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఎవరం అన్నం ఊసెత్తలేదు. రెయిలింగుకి నేను వాడే రసమట్టం పెడితే బుడగ ఇంకా పక్కనే ఉంది.

ఎప్పుడొచ్చిందో, బుల్లెట్టు వాలు మొదట్లో ఉంది, చేతిలో చెంబు.

"నీళ్ళు పొయ్యనా?" అంది, నా వైపు చూస్తూ, అక్క వైపు చూడకుండా.

"అత్తనడుగు."

"అత్తతో నేను మాట్లాడట్లేదు."

"పొయ్యమని చెప్పు తమ్ముడూ, నాతో మాట్లాడనామెకి" అంది అక్క, తల ఎత్తకుండా.

పిల్ల పోసింది. నీళ్ళు అంచు వైపు పరుగెత్తాయి. "పోతున్నాయి" అంది.

అక్క చెక్కింది, నేను అరగదీశాను, పిల్ల పోసింది. "పోతున్నాయి." మళ్ళీ చెక్కడం, మళ్ళీ అరగదియ్యడం. "ఇంకా పోతున్నాయి." జీవితమంతా నీళ్ళు పోవాలని పనిచేసిన మనిషి, నీళ్ళు ఆగితే చాలని చూస్తోంది. ఒకసారి చెయ్యి ఆపి, "దీనికి నేర్పడం తేలికే, మరిపించడమే కష్టం" అని తన కుడిచేతిని తనే తిట్టుకుంది.

నీడలు సాగాయి. గోడ మూల దగ్గర ఉలి పడగానే మోత మారింది.

అక్క ఆగిపోయింది. వేలితో దుమ్ము తుడిచింది. నల్లగా సన్నటి గీత. నేను గ్రైండరు ఆపేశాను. తల్లి దూరం నుంచే లేచి నిలబడింది.

అక్క గీత మీద నీళ్ళు చల్లి, గోరుతో గీరింది, ముఖం ఆనించి చూసింది. "రాయే" అంది చివరికి. "నల్లరాయి. దీని కింద ఉంది ఇనుము, గుద్దితే గట్టిగా పలుకుతోంది. ఇక దిగడానికి లేదు."

"బుడగ?"

రసమట్టం పెట్టాను. బుడగ గొట్టం మీది గీతని ఆనుకుని ఉంది. నడిమధ్యకి రాలేదు.

"చాలదా?" అంది పంతులమ్మ.

"చాలేదీ చాలనిదీ నేను చెప్పలేనమ్మా. బండి చెప్పాలి" అంది అక్క. ఉలి కింద పెట్టింది. ఆమె అరచెయ్యి విచ్చుకోవడం లేదు. ఎడమచేత్తో వేళ్ళు ఒక్కొక్కటీ లాగి తెరుచుకుంది.

బుల్లెట్టు ఆఖరి చెంబు పోసింది. నీళ్ళు అంచు వైపు కొంచెం సాగాయి. సాగి, ఆలోచనలో పడ్డట్టు నిలిచిపోయాయి. పిల్ల వంగి చెంబు కింద పెట్టేసింది. నేను ఇనపపట్టీకి చివరి అతుకు వేసి, గుడ్డ పెట్టి నీళ్ళన్నీ తుడిచేశాను.

ఇంజినీరు రాలేదు. బడి వదిలేశారు, పిల్లలు వెళ్ళిపోయారు. హెడ్మాస్టారు గేటు దాకా వెళ్తాడు, వస్తాడు. "ఆఫీసు మూసే వేళవుతోంది" అని గొణుక్కుంటాడు. ముందే ఎక్కి చూద్దామా అని పిల్లనడిగితే, "ఒకటే సారి" అంది. దానికి నిలబడదేమోనని భయం, నాకు తెలుస్తూనే ఉంది. అందరికీ అదే భయం.

ఇంజినీరు బండి చప్పుడు వినబడేసరికి పంతులమ్మ గోడకి చేరగిలబడింది.

ఇంజినీరు ముందు వంగి నేలంతా చూశాడు. మూల దగ్గర చేత్తో తడిమాడు. చువ్వ లేదు. రసమట్టం తియ్యలేదు. "ఇక కానియ్ తల్లీ" అన్నాడు.

పిల్ల ఎక్కింది. మలుపులోకి వచ్చింది. ఆగింది. ఈసారి చేతులు గాల్లోకి ఎత్తలేదు. చక్రాల మీంచి మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకుంది. బుల్లి చక్రాలు కొద్దిగా కదిలాయి. కుర్చీ ఒక్క పిసరు అంచు వైపు జరిగింది. తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. నేను మళ్ళీ కింద నిలబడి రెండు చేతులూ చాపి ఉన్నాను.

కుర్చీ ఆగింది.

ఆగే ఉంది. ఇంజినీరు వెళ్ళి చిటికెన వేలితో కుర్చీని కాస్త ఊపి వదిలాడు. ఊగి, మళ్ళీ నిలబడింది.

"ఉంటావా ఇక్కడే, పైకెళ్తావా?" అన్నాడు.

"కాసేపుండి వెళ్తాను సార్. చేతులు నొప్పెడుతున్నాయి" అంది బుల్లెట్టు.

అది నిజం కాదు, అల్లరి. అయినా ఆయన వరండాలో నిలబడి, అది వచ్చేదాకా ఆగి, అప్పుడు సంతకం పెట్టాడు. హెడ్మాస్టారు సిమెంటు చొక్కాతోనే గదిలోకి వెళ్ళి పేరు రాశాడు.

చీకటి పడేలోగా అక్క నా గ్రైండరు తీసుకుని మలుపులో వెంట్రుకంత సన్నటి గాడులు కొన్ని కోసింది, వాన నీళ్ళు వాటిలోంచి అంచుకి పోవడానికి. చక్రానికి అవి తెలియవు. పని ముగించి సంచీ సర్దుకుంటుంటే అందరూ ఆమెని ఏదో ఒకటి అన్నారు, తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఆమె వినలేదు. తన చేతి వంకే చూసుకుంటోంది.

"పాతబడి మలుపు కూడా ఈ చేత్తోనే వేశాను తమ్ముడూ" అంది.

"అక్కడ ఎవరూ ఏమీ అనలేదు కదక్కా."

"ఈ పిల్ల అందా?"

మర్నాడు బెల్లు కొట్టకముందే పాతబడికి వెళ్ళాం. మేము చాలా ముందు కట్టిన ర్యాంపది. అక్కడ చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఒకతి ఉంది, నెమ్మదైన పిల్ల, అప్పుడే వచ్చి ఎక్కుతోంది. మలుపు దగ్గర ఆగకుండా, గోడకి చెయ్యి రాసుకుంటూ, చుట్టి పైకి వచ్చేసింది. వెనకాల వచ్చే పిల్లలు కూడా ఆ చోట పక్కకి తప్పుకుని దారిచ్చారు, అలవాటైనట్టు.

అక్క పైకి వెళ్ళి పిల్ల పక్కన కూర్చుంది. "ఆ మలుపు దగ్గర ఎప్పుడన్నా ఆగావా అమ్మా?"

పిల్ల ఆమె వంక వింతగా చూసింది. "అక్కడ ఆగకూడదు కదత్తా. అందరికీ తెలుసు" అంది.

అక్క లేచింది. సంచీలోంచి ఉలి తీస్తూ, అక్కడి హెడ్మాస్టారిని అడిగి రమ్మని నన్ను పంపించింది.